నూట ఆరున్నొక్కటి

హాలు తలుపులు మూయించినవాడు స్వయానా మరిది కావడంతో ఆరా అత్తయ్యకి కోపం రెండింతలైంది. ముందు తలుపు దగ్గర ఒక కానిస్టేబుల్, వెనక తలుపు దగ్గర ఇంకొకడు, మధ్యలో టికెట్ కొన్న పాపానికి ఇరుక్కుపోయిన జనం. ఎవర్నీ బయటికి పోనివ్వరు, ఎవర్నీ లోపలికి రానివ్వరు.

ఆరా అత్తయ్య ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలో ఎవరి క్లెయిము నిజమో ఎవరిది బూటకమో తేల్చే ఉద్యోగం చేసేది. అది మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. కూరగాయలు కొన్నా కూపీ లాగకుండా కొనదు కాబట్టి వీధి వీధంతా ఆమెని ఆరా అత్తయ్య అనే పిలుస్తుంది. ఆమె భర్తకి తమ్ముడు ఈ ఇన్స్పెక్టరు. భోజనాల దగ్గర వదినామరుదులకి ఎంత స్నేహమో, కేసుల దగ్గర అంత పేచీ.

"వదినా, ఇందులో వేలు పెట్టకండి," అన్నాడు ఇన్స్పెక్టరు, మీసం సర్దుకుంటూ.

"వేలేం ఖర్మ, చెయ్యే పెడతాను. ఆ పిల్ల నా ఇంట్లో పై వాటాలో అద్దెకుంటోంది. ముందు అసలేం పట్టుకున్నావో చెప్పు."

పట్టుకున్నది చిన్నదేమీ కాదు. ఆ అమ్మాయికి నత్తి. మాట గొంతులో పడి కొట్టుకుంటుంది గానీ బయటికి రాదు. ఎవరో గానీ వెటకారంగా మాటలమ్మ అని పేరు పెట్టారు, అదే ఆమెకి అంటుకుపోయింది. మూడు వారాలు అక్కడే ఉండి మాట సాధన చేయించే శిక్షణ ఒకటుందని తెలిసి, ఆ ఫీజు కోసం లక్కీ డ్రా పెట్టింది. తను బిల్లులు రాసే షోరూమ్ వాళ్ళే మొదటి బహుమతికి స్కూటర్‌ని కొన్న ధరకి ఇచ్చారు. టికెట్లు బాగానే అమ్ముడుపోయాయి. ఇవాళ సాయంత్రం అయిదు లోగా ఫీజు కడితేనే సీటు, లేదంటే ఇంకొకరికి పోతుంది.

ఇంత కష్టపడితే ఏమైంది? కళ్ళకి గంతలు కట్టుకున్న హెడ్‌మిస్ట్రెస్ గారు డ్రమ్ములో చెయ్యిపెట్టి తీసిన టికెట్ నూట అరవై ఒకటి. ఎవరిదని అడిగితే ఒక్కరూ లేవలేదు. అప్పుడు డ్రమ్ము విప్పారు. అందులో ఉన్న చీటీలన్నీ నూట అరవై ఒకటే. అమ్ముడుపోని నూట అరవై ఒకటో నెంబరు టికెట్ మాటలమ్మ సంచిలో దొరికింది.

"డ్రమ్ము నిండా ఒకే నెంబరు. ఆ టికెట్ ఆమె సంచిలోనే. అంటే స్కూటరూ ఆమెకే, డబ్బూ ఆమెకే," అన్నాడు ఇన్స్పెక్టరు. "డబ్బు పెట్టెకి తాళం వేసి సీలు చేశాను. ఇంకేం కావాలి?"

"కాస్త బుర్ర కావాలి. ఇంత పకడ్బందీగా డ్రమ్ము నింపిన మనిషి, గెలిచే టికెట్‌ని తన సంచిలోనే దాచుకుని, ఎవరూ రాకపోతే బిక్కమొహం వేసుకుని కూర్చుంటుందా? కనీసం ఒక చుట్టానికి అంటగట్టదూ?"

"దొంగలకి తెలివే ఉంటే మాకు ఉద్యోగాలుండవు వదినా."

"సరే. డ్రమ్ము విప్పమని మొదట అన్నదెవరు?"

"మైకు. అందరికీ అనుమానం తీరిపోవాలి కదా, విప్పేద్దాం అన్నాడు. మంచిమాటేగా?"

మైకు అంటే షోరూమ్ మేనేజరు. కంచు గొంతు. ఎవరింట్లో ఏ కార్యక్రమం జరిగినా వ్యాఖ్యానం చెప్పేది అతనే కాబట్టి ఆ పేరు. మంచిమాటే, అనుకుంది ఆరా అత్తయ్య. కాకపోతే ఎవరూ అడగకముందే చెప్పిన మంచిమాటలంటే ఆమెకి మొదట్నుంచీ గిట్టదు.

మేకప్ గదిలో, బల్బుల అద్దం ముందు మాటలమ్మ ముడుచుకుని కూర్చుంది. చివర్లో అందరికీ కృతజ్ఞతలు చెప్పడానికని మైకు మధ్యాహ్నం ఆమె చొక్కా కాలరుకి గుచ్చిన చిన్న మైకు ఇంకా అలాగే ఉంది. ఆ కృతజ్ఞతల దాకా వ్యవహారం రానేలేదు. మైకు ఆమె పక్కనే నిలబడి, మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతుండగా, సొంత చెల్లెల్ని ఓదార్చినట్టు ఓదారుస్తున్నాడు.

"డ్రమ్ములో చీటీలు పోసిందెవరమ్మా?" అంది ఆరా అత్తయ్య.

"నే... నేనూ, బా... బా..."

"బావగారూ కలిసి పోశారు," అన్నాడు మైకు. "నేనూ చూశాను మేడమ్."

"పోశాక డ్రమ్ము దగ్గర ఏమైనా తేడా కనిపించిందా?"

అమ్మాయి తల పైకెత్తింది. పెదాలు బిగుసుకున్నాయి. "సొ... సొ..."

"సొమ్మా? సొమ్ముకేం భయం లేదమ్మా, ఇన్స్పెక్టరుగారు సీలు వేయించారు. చిల్లిగవ్వ కూడా పోదు."

మాటలమ్మ ఒక్క క్షణం అతని వంక చూసి, తల దించుకుని, ఊఁ అంది.

ఆ ఊఁ ఆరా అత్తయ్యకి అస్సలు నచ్చలేదు. అది ఒప్పుకున్న ఊఁ కాదు, ఓపిక అయిపోయిన ఊఁ. రోజుకి ఎన్నిసార్లు ఇలా పక్కవాళ్ళు తన నోట్లో కుక్కిన మాటలకి ఈ పిల్ల తలూపుతూ ఉంటుందో అనుకుంది.

"మైకుగారూ, బయట జనం గోల చేస్తున్నారు. మీ గొంతుకైతే లొంగుతారు. కాస్త వెళ్ళి సముదాయించండి బాబూ."

అతను చిరునవ్వుతో వెళ్ళాడు. ఆరా అత్తయ్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు చెప్పు. నాకేం తొందర లేదు."

తొందర ఉంది. గోడ గడియారంలో నాలుగు దాటింది. అయినా ఆమె గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది తప్ప నోరు మెదపలేదు. అమ్మాయి సొ దగ్గర ఆగింది, కళ్ళు మూసుకుంది, మళ్ళీ ఎత్తుకుంది. చివరికి "సొ...ట్ట," అంది. "డ్రమ్ముకి సొ...ట్ట లేదు."

పొద్దున డ్రమ్ము మోసుకొస్తూ బావ మెట్ల మీద జారవిడిచాడట. పక్కన గిన్నెంత లోతు సొట్ట పడిందట. ఇప్పుడు వేదిక మీదున్న డ్రమ్ము నున్నగా ఉందట. ఇది చెప్పడానికి ఆమె ఇందాకట్నుంచీ ప్రయత్నిస్తోంది. ఒక్కరూ చెప్పనివ్వలేదు.

వేదిక మీదికి వెళ్ళి ఆరా అత్తయ్య డ్రమ్ముని చేత్తో తడిమి చూసింది. ఎక్కడా చిన్న గుంట కూడా లేదు. ఆ పక్కనే సౌండ్ పెట్టె ముందు మైకు హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని మీటలు సవరిస్తున్నాడు. అతని పక్క కుర్చీలో బావని కూర్చోబెట్టారు, కదలొద్దని ఇన్స్పెక్టరు హుకుం. బావ అంటే మాటలమ్మ అక్క మొగుడు, బస్సు డ్రైవరు. మనిషి భారీగా ఉంటాడు గానీ ఇప్పుడు కుర్చీలో సగానికి కుంచించుకుపోయాడు.

"పొద్దున డ్రమ్ము జారవిడిచారా?"

"జారింది మేడమ్. మా మరదలు నన్ను తిట్టాలనుకుంది, ఆ తిట్టు పూర్తయ్యేసరికి నేను పైకొచ్చేశాను," అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

"ఆమె మాట మధ్యలో ఆగిపోతే ఇంట్లో మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాం, ఆగుతాం. అన్నం కలుపుకుంటూ ఆగుతాం, టీవీ చూస్తూ ఆగుతాం. మాట అందుకుంటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. మా అందరికీ ఆ పడిలేచే మాటే అలవాటైపోయింది, అది వినపడకపోతే ఇల్లు బోసిగా ఉంటుంది."

"మీరూ టికెట్ కొన్నారా?"

జేబులోంచి తీసి చూపించాడు. నూట ఏడు. గెలవని టికెట్. ఆరా అత్తయ్య దాన్ని తిప్పి చూసి తిరిగిచ్చేసింది.

"వదినా, డ్రమ్ముకి సొట్ట లేకపోవడం కూడా సాక్ష్యమేనా?" అన్నాడు ఇన్స్పెక్టరు వెనకనుంచి. "రేపు కుర్చీకి కాలుందని కేసు పెడతారు."

"సొట్టపడ్డ డ్రమ్ము వేరే ఉందయ్యా. నువ్వు తలుపులు మూయించావు కాబట్టి అది ఈ కొంపలోనే ఉంది. ఇవాళ నువ్వు చేసిన మంచిపని అదొక్కటే. ఈ వేదిక కింద ఏముంది?"

"సామాన్ల గది."

"పద. అమ్మాయీ, నువ్వూ రా, నీ డ్రమ్ము నువ్వే గుర్తుపట్టాలి."

వదిన ఒంటరిగా వెళ్తే అక్కడ ఏదో ఒకటి పుట్టిస్తుందన్న అనుమానంతో ఇన్స్పెక్టరూ దిగాడు. వెనక సందులోంచి మెట్లు దిగితే రేకు తలుపు, దాని బయట పాత తెరల గుట్ట. లోపల ఒక్క బల్బు. కిటికీ లేదు. పైకప్పు అంటే వేదిక చెక్కలే, ఎవరు నడిచినా దుమ్ము రాలుతోంది. విరిగిన కుర్చీలు, రంగు వెలిసిన బోర్డులు, మూలన గోనెపట్టా కప్పిన ఏదో గుండ్రటి వస్తువు.

ఆరా అత్తయ్య పట్టా లాగింది. డ్రమ్ము. పక్కన గిన్నెంత సొట్ట. మూత తీస్తే లోపల చీటీలు, ఒక్కోదాని మీద ఒక్కో నెంబరు.

ఇన్స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ మనిషి టోపీ తీయడం అంటే వదినకి దణ్ణం పెట్టినంత పని.

"సరే, మార్చారు," అన్నాడు చివరికి. "ఎవరు? ఎవరికీ లేని నెంబరు పెట్టి ఎవరికేం లాభం?"

"నన్నూ అదే తొలిచేస్తోంది. స్కూటర్ కొట్టేయాలనుకున్నవాడు తన నెంబరు పెట్టుకుంటాడు. ఈ పిల్లని ఇరికించాలనుకున్నవాడు ఎవరి నెంబరు పెడతాడు? ఆమె చుట్టానిది. బావకి స్కూటర్ తగలాలి, జనం గగ్గోలు పెట్టాలి, డ్రమ్ము విప్పాలి, నువ్వు డబ్బు సీలు చేయాలి, అయిదు దాటిపోవాలి. అంతా అనుకున్నట్టే జరిగింది, నెంబరు తప్ప. నెంబరెందుకు తప్పింది?" ఆమె అమ్మాయి వైపు తిరిగింది. "మీ బావ టికెట్ నెంబరు ఎంతమ్మా?"

"నూట... ఆ... ఆరు..."

"నూట అరవై ఒకటి," అంటూ ఇన్స్పెక్టరు తన పుస్తకంలో టకటకా రాసేసుకున్నాడు. "చూశారా, తనే ఒప్పుకుంది."

ఆరా అత్తయ్య అతని చేతిలోని పుస్తకం వంక చూసింది. అతని మొహం వంక చూసింది.

"మరిదీ, ఆ టికెట్ ఇందాక నేను చూశాను. నూట ఏడు. ఆ పిల్లని పూర్తి చెయ్యనీ."

ఇద్దరూ ఆగారు. పైన ఎవరో నడిచారు, దుమ్ము రాలింది.

"నూట... ఆరు...న్నొక్కటి," అంది మాటలమ్మ.

"అంటే?"

"అంటే ఏడయ్యా. పాతవాళ్ళు లెక్కపెట్టేటప్పుడు నోటెంబట ఏడుపు రాకూడదని ఏడు అనకుండా ఆరున్నొక్కటి అనేవాళ్ళు. నువ్వు వినలేదూ?"

"మా నా... నానమ్మ అలాగే అనేది," అంది అమ్మాయి. "నాకు ఆ... ఆ అక్షరం పడదు. అందుకని నే... నేనూ అలాగే అంటాను."

"మీ ఇంట్లోవాళ్ళకిది కొత్త కాదు. నువ్వు ఆరు దగ్గర ఆగితే, ఆ వెనకాల వచ్చే ముక్క కోసం ఆగుతారు. ఆగలేనివాడికే అది అరవై ఒకటవుతుంది. ఇప్పుడు మా మరిదికి అయినట్టు." ఆరా అత్తయ్య ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఇంతకుముందు ఎవరైనా మీ బావ నెంబరు అడిగారా? నువ్వు ఆరు... ఒక... అంటుండగానే ఆరూ ఒకటీ కలిపి వాళ్ళే అరవై ఒకటా అని అందుకుంటే, నువ్వు విసుగొచ్చి ఊఁ అన్నావా?"

మాటలమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. తలూపింది. "ఫో... ఫోన్లో. మై... మై..."

వెనక రేకు తలుపు ధన్‌మని పడింది. బయట గడియ పెట్టిన చప్పుడు.

ఇన్స్పెక్టరు ఒక్క ఉదుటున వెళ్ళి భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు. ఫోను తీశాడు, సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. కానిస్టేబుల్‌ని పేరుపెట్టి పిలిచాడు. అదే క్షణాన పైన స్పీకర్లలోంచి పాట మొదలైంది, చెక్కలు అదిరిపోయేంత గట్టిగా. అతని కేక అతనికే వినిపించలేదు.

అప్పుడు చూసింది ఆరా అత్తయ్య, అమ్మాయి కాలరు దగ్గర ఆవగింజంత పచ్చ దీపం. మధ్యాహ్నం నుంచీ అది వెలుగుతూనే ఉంది. సొట్ట గురించి చెప్పినా, డ్రమ్ము దొరికిందన్నా, ఇప్పుడు ఆరున్నొక్కటన్నా, పైన హెడ్‌ఫోన్లలో ఒకడు వింటూనే ఉన్నాడు. ఇంత ముసలిదాన్నయ్యాను, కళ్ళెదురుగా ఉన్నదాన్ని చూసుకోలేదే అని తనని తాను తిట్టుకుంది.

"ఒక్క స్కూటర్ లాటరీ కోసం పోలీసుని గదిలో పెట్టి గడియ పెడతాడా?" అన్నాడు ఇన్స్పెక్టరు.

జవాబు తలుపు కింది సందులోంచి వచ్చింది. సన్నగా పొగ. తెరల గుట్ట అంటుకుంది.

మాటలమ్మ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "గో... గోడౌను," అంది. "అ... అప్పుడూ ఇంతే."

నాలుగు నెలల క్రితం షోరూమ్ వెనక గోడౌను కాలిపోయింది. వాచ్‌మన్ తాత లోపలే ఉండిపోయాడు. షట్టరు బయటనుంచి వేసి ఉంది. ఎవరు వేశారో ఈ అమ్మాయి చూసింది. విచారణ రోజు నిలబడి, చెమటలు కక్కుతూ, ఆ ఒక్క పేరు దగ్గర ఆగిపోయింది. అడుగుతున్న అధికారి కాసేపు చూసి, గడియారం చూసుకుని, సాక్షి ఏమీ చెప్పలేదు అని రాసుకుని పంపేశాడు.

ఆ అధికారి ఇప్పుడు ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"తర్వాత రాసి పంపింది," అన్నాడు ఇన్స్పెక్టరు, నేల చూస్తూ. "ఎవరో రాయించి ఉంటారని పక్కన పడేశాను వదినా."

"తా... తాత వాళ్ళబ్బాయి కేసు వేశాడు. వచ్చే నె... నెల కోర్టు. నో... నోటితో చెప్పాలన్నారు లాయరు. అందుకే ఈ శి... శిక్షణ." ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, పొగకో దుఃఖానికో. "ఆయన దగ్గరే పని. ఆయన దగ్గరే స్కూ... స్కూటర్. వద్దంటే ఆయన అ... అనుమానం నిజమైపోతుంది. ఎటూ పో... పోలేకపోయాను."

నాలుగు నెలలుగా ఈ పిల్ల ఆ హంతకుడి పక్కన కూర్చుని బిల్లులు రాసింది. వాడు నోట్లో పెట్టిన ప్రతి మాటకీ ఊఁ కొట్టింది. ఆమె కోర్టులో నోరు విప్పకూడదనే వాడు ఈ శిక్షణకి అడ్డుపడ్డాడన్నమాట. ఆరా అత్తయ్యకి ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోంచి కోపమొచ్చింది. చున్నీలాంటిది ఏదైనా దొరుకుతుందేమోనని వెతికి, ఆ గోనెపట్టానే లాగి తలుపు సందులో కుక్కింది.

"ఇద్దరూ కిందికి వంగండి, పొగ పైకి పోతుంది. వినండి. వాడు గడియ పెట్టడానికి దిగాడంటే పెట్టె దగ్గర లేడు, పాట తన ఫోన్లోంచే వేసి ఉంటాడు. హెడ్‌ఫోన్లు అక్కడే పడేసి ఉంటాడు. పక్కనే బావ ఉన్నాడు."

ఇన్స్పెక్టరు ఆ చిన్న మైకు ముందు నోరు పెట్టి అరిచాడు. పాట ఆగలేదు. ఆరా అత్తయ్య అరిచింది, దగ్గు తెర అడ్డొచ్చింది. పైన ఆ హోరులో, బల్ల మీద పడున్న హెడ్‌ఫోన్లలో, ఏ అరుపైనా గరగరలాగే వినిపిస్తుంది కాబోలు. పట్టా కుక్కినా పొగ ఆగడం లేదు. బల్బు చుట్టూ మసక కమ్మింది.

మాటలమ్మ కాలరునుంచి ఆ చిన్న మైకు పీకి అరచేతిలో పట్టుకుంది. సాయం కోసం పిలుస్తున్నట్టు లేదు ఆమె. కోర్టులో చెప్పాలని దాచుకున్నది, ఇంకెప్పుడూ చెప్పలేనేమోనని ఇప్పుడే చెప్పేస్తున్నట్టుంది.

"నే... నేను చూశాను. ఆ రో... రోజు నేను బి... బిల్లుల గదిలో ఉన్నాను. కి... కిటికీలోంచి..."

పాట తెగిపోయింది.

ఆమె తర్వాతి మాట నెత్తిమీదనుంచి వచ్చింది, చెక్కల్ని వణికిస్తూ, హాలంతా నిండిపోయేంత పెద్దగా. "షట్టరు." మాటలమ్మ అదిరిపడి పైకి చూసింది. పడిలేచే ఆ మాటని పుట్టెడు గరగరలోనైనా పోల్చుకోగల చెవి ఒకటి పైనుంది. ఆ చెవిగలవాడు ఎవరి హుకుమూ లెక్కచేయక మీట పైకి నెట్టాడు.

"చెప్పు తల్లీ," అంది ఆరా అత్తయ్య.

"స్టే... స్టేజీ కింద ఉన్నాం. ని... నిప్పు పెట్టారు." పైన కుర్చీలు కిర్రుమన్నాయి, పరుగులు. "ఆ రోజు గో... గోడౌను షట్టరు... తా... తాత లోపలుండగా... వే... వేసింది కూడా..."

ఆగిపోయింది. పెదాలు బిగుసుకున్నాయి. ఇన్స్పెక్టరు ఉండబట్టలేక నోరు తెరిచాడు, ఆ పేరు అతని నాలుక చివరే ఉంది. ఆరా అత్తయ్య అతని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

పైన పరుగెత్తేవాళ్ళు పరుగెత్తుతున్నారు. మిగిలిన హాలంతా నిలుచున్నచోటే నిలబడి ఎదురుచూసింది. ఒక్కరూ మాట అందించలేదు.

"మై...కు," అంది మాటలమ్మ. "మా మే... మేనేజరు."

అంతమందికి ఒకేసారి వినిపించిన మాట అది, ఇక ఎవరూ పక్కన పడేయలేనిది. పైన ఎవరో పట్టుకోండిరా అన్నారు. మెట్ల మీద బరువైన అడుగులు, తెరల మీద నీళ్ళు చిమ్మిన చప్పుడు, మరదలా అని బావ గొంతు. గడియ వేడెక్కి బిగుసుకుపోయినట్టుంది, ఊడి రావడం లేదు. తలుపు మీద దెబ్బలు పడుతున్నాయి.

"అయిదుకి ఇంకా టైముంది," అంది ఆరా అత్తయ్య దగ్గుతూ. "ఆ డబ్బు పెట్టె తాళంచెవి."

ఇన్స్పెక్టరు జేబులోంచి తాళంచెవి తీసి మాటలమ్మ చేతిలో పెట్టాడు. తర్వాత నేలమీద బోర్లా పడుకునే, కళ్ళు మండుతుండగా, పుస్తకం తెరిచాడు. నూట అరవై ఒకటి అని రాసుకున్నదాన్ని అడ్డంగా కొట్టేశాడు. దాని కింద, దెబ్బదెబ్బకీ వంకర్లు పోతున్న అక్షరాలతో రాశాడు: సాక్షి చెప్పింది.